చుక్కాని దగ్గర తన వంతు



మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలవారికి సముద్రం దూరపు చుట్టం వంటిది. పేరు అందరం విన్నాం, చూసినవారు తక్కువ. మనకు తెలిసిన పెద్ద నీళ్ళు కృష్ణా, తుంగభద్రలే. ఐనా నీళ్ళకు కోపం వస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2007 జనవరిలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి ఎన్నో ఇండ్లలో దీపాలు ఆరిపోయాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని, అలంపూరును ముంచెత్తినప్పుడు మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకున్నవారు నేటికీ మన మధ్య ఉన్నారు.

మనకు బాగా తెలిసిన మరొక సంగతి వలస. పాలమూరు కూలీ చెమట పడని ఆనకట్ట దేశంలో లేదని పెద్దలు అంటుంటారు. కొడుకు బొంబాయికో, దుబాయికో వెళ్ళిన ఇంట్లో తల్లి రోజులు లెక్కపెట్టుకోవడం, ఆదివారం పూజ ముగిశాక మరియమాత స్వరూపం ముందు ఒక కొవ్వొత్తి వెలిగించి వెళ్ళడం ప్రతి విచారణలోనూ కనబడే దృశ్యమే.

ఈ వారం చెప్పుకోబోయే మనిషి కథలో ఈ రెండూ ఉన్నాయి. ఆయన పేరు టామ్ క్రీన్. ఐర్లాండు దేశపు పేద రైతు బిడ్డ, కతోలికుడు. ప్రపంచంలోకెల్లా భయంకరమైన సముద్రాన్ని ఒక చిన్న పడవలో దాటినవాడు. ఆయన దేశంలో బడిపిల్లలకు కూడా తెలిసిన పేరు. ఆయన జీవితాన్ని ఒక్క మాటలో చెప్పమంటే, వంతు అనే మాట చెబుతాను. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

ఇల్లు విడిచిన కుర్రవాడు

టామ్ క్రీన్ 1877లో ఐర్లాండు పడమటి తీరాన కెర్రీ జిల్లాలో, అన్నస్కాల్ అనే పల్లె దగ్గర జన్మించాడు. ఇంట్లో పదిమంది పిల్లలు. ఉన్నది కొద్దిపాటి భూమి, కొన్ని పశువులు, బంగాళాదుంప పంట. పశువులను కాయవలసిన కుర్రవాడు ఏమరుపాటుగా ఉండగా అవి దుంపల చేలో పడి మేసినాయని, తండ్రి గట్టిగా మందలించాడని, ఆ కోపంతోనే అతడు ఇల్లు విడిచాడని అక్కడివారు చెప్పుకుంటారు. 1893లో, ఇంకా మీసాలైనా సరిగా రాని వయసులో, బ్రిటీషు నౌకాదళంలో చేరాడు. తొడుక్కుని వెళ్ళడానికి మంచి బట్టలు కూడా లేక ఎరువు తెచ్చుకున్నాడట.

ఆ కుర్రవాడి మెడలో ఉత్తరీయం ఉండేది. జీవితమంతా దానిని ధరించే ఉన్నాడని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. ఆయన భక్తిని గురించి మనకు తెలిసినది ఇంచుమించు ఇంతే. బోధలు చేసినవాడు కాదు, డైరీలు రాసినవాడు కాదు.

మొదటి పరీక్ష

1901 డిసెంబరులో న్యూజిలాండు రేవులో ఆయన ఓడ ఆగి ఉండగా, దక్షిణ ధ్రువ ప్రాంతానికి వెళ్తున్న కెప్టెన్ స్కాట్ ఓడలో ఒక నావికుడి స్థానం ఖాళీ అయింది. క్రీన్ తాను వస్తానన్నాడు. అలా మొదలైన మంచు జీవితం మూడు యాత్రలుగా సాగింది.

స్కాట్ రెండవ యాత్రలో, 1912 జనవరి మొదటి వారంలో, ధ్రువానికి ఇంకా సుమారు 270 కిలోమీటర్ల దూరం ఉందనగా స్కాట్ తనతో చివరి మజిలీకి ఎవరు రావాలో నిర్ణయించాడు. అందులో క్రీన్ పేరు లేదు. వెనుకకు వెళ్ళమన్నప్పుడు ఆ దృఢకాయుడు కంటతడి పెట్టుకున్నాడు. ఐతే ముందుకు వెళ్ళిన ఐదుగురిలో ఒక్కరూ తిరిగి రాలేదు. మనిషి తనకు దక్కలేదని ఏడ్చినదే ఒక్కొక్కసారి దేవుడు తప్పించిన ఆపద అవుతుంది.

వెనుకకు తిరిగిన ముగ్గురిలో క్రీన్‌తో పాటు లాష్లీ అనే నావికుడు, లెఫ్టినెంట్ ఎవాన్స్ అనే అధికారి ఉన్నారు. తాజా ఆహారం లేక వచ్చే స్కర్వీ వ్యాధితో ఎవాన్స్ దారిలో కుప్పకూలాడు. తనను వదిలి మీరు వెళ్ళి బ్రతకండని అధికారిగా ఆజ్ఞాపించాడు. ఆ ఇద్దరు నావికులు ఆజ్ఞను ధిక్కరించారు. ఆయనను మంచుబండిపై కట్టి లాగారు. ఇక లాగలేని స్థితి వచ్చినప్పుడు లాష్లీ రోగి దగ్గర ఉండిపోయాడు. ఫిబ్రవరి 18న క్రీన్ ఒంటరిగా బయలుదేరాడు. జేబులో మూడు బిస్కెట్లు, రెండు చాక్లెట్ ముక్కలు. గుడారం లేదు. 56 కిలోమీటర్లు 18 గంటలలో నడిచి స్థావరం చేరుకున్నాడు. ఆయన తలుపు దగ్గర కూలిపోయిన కొద్దిసేపటికే మంచు తుఫాను విరుచుకుపడింది. ఎవాన్స్ బ్రతికాడు, తరువాత నౌకాదళంలో అడ్మిరల్ కూడా అయ్యాడు.

మంచులో చిక్కిన ఓడ

1914లో సర్ ఎర్నెస్ట్ షాకిల్టన్ అనే యాత్రికుడు అంటార్కిటికా ఖండాన్ని ఒక తీరం నుండి మరొక తీరానికి నడిచి దాటాలని ఎండ్యూరెన్స్ అనే ఓడలో బయలుదేరాడు. క్రీన్ ఆయనతో వెళ్ళాడు. 1915 జనవరిలో ఓడ వెడ్డెల్ సముద్రపు మంచులో చిక్కుకున్నది. పదినెలలు మంచుతో పాటు కొట్టుకుపోయి, ఆ ఒత్తిడికి నలిగి, నవంబరు 21న మునిగిపోయింది. ఆ ఓడ శిథిలం 2022 మార్చిలో 3,008 మీటర్ల లోతున దొరికింది.

ఓడలోని 28 మంది తేలే మంచు గడ్డల మీదనే గుడారాలు వేసుకున్నారు. 1916 ఏప్రిల్‌లో ఆ గడ్డ కూడా పగిలింది. మూడు చిన్న పడవలలో ఎక్కి, నిద్ర లేక, దాహంతో, చలికి చేతులు మొద్దుబారగా, ఏప్రిల్ 15 నాటికి ఎలిఫెంట్ దీవి చేరారు. ఒక పడవకు అధికారిగా ఉన్నవాడు నీరసించి పడిపోగా, చుక్కాని పట్టి ఆ పడవను ఒడ్డు చేర్చినది క్రీన్. అది ఆయన వంతు కాదు. వంతుగలవాడు పట్టలేకపోయాడు గనుక ఆయన పట్టాడు.

ఎలిఫెంట్ దీవిలో రాళ్ళు, మంచు, సీలు జంతువులు, పెంగ్విన్ పక్షులు తప్ప ఏమీ లేవు. ఏ ఓడా అటువైపు రాదు. ఎవరైనా వెళ్ళి సాయం తేవాలి. తిమింగలాలను వేటాడే నార్వేవారి స్థావరాలున్న దక్షిణ జార్జియా దీవికి సుమారు 1,300 కిలోమీటర్ల దూరం. మధ్యలో ఉన్నది ఆ సముద్రం.

ఆ సముద్రం ఎందుకంత ఘోరమైనది? ఇంట్లో పిల్లల భూగోళం పుస్తకం తీసి చూడండి. దక్షిణ అమెరికా కొనకూ అంటార్కిటికాకూ నడుమ, భూమి చుట్టూ ఒక నీటి పట్టీ ఉన్నది. అక్కడ ఏ ఖండమూ అడ్డు లేదు. పడమటి గాలి ఆగకుండా వీస్తూ అలలను తోసుకుంటూ పోతుంది. అడ్డు లేని గాలి, ఆగని అల ఒకదానినొకటి పెంచుకుంటాయి. నేడు ఏటా లక్షమందికి పైగా యాత్రికులు పెద్ద ఓడలలో అంటార్కిటికా చూసివస్తున్నారు. వారిలో కొందరు అర్జెంటీనాలోని ఉషుయాయా రేవు నుండి డ్రేక్ జలసంధిని దాటే ఆ రెండు రోజులూ మంచం పట్టుకుని, వాంతులకు మాత్రలు మింగుతూ గడుపుతారు. వారికి వాతావరణ సూచనలు, రేడియోలు, వెచ్చని గదులు ఉన్నాయి. మన దేశపు మొదటి బృందం కూడా 1981 డిసెంబరు 6న గోవాలో బయలుదేరి, ఈ గాలుల పట్టీని దాటే 1982 జనవరి 9న ఆ ఖండం మీద అడుగుపెట్టింది.

పడవలో ఆరుగురు

క్రీన్ ఎక్కిన పడవ పేరు జేమ్స్ కెయిర్డ్. పొడవు ఏడు మీటర్ల లోపే. మన బస్సులో సగం ఉంటుందేమో. వడ్రంగి మెక్‌నిష్ పెట్టెల చెక్కలతో, కాన్వాసు గుడ్డతో దానికి పైకప్పు వేశాడు. సందులలో దీపపు వత్తులు కూరి, చిత్రకారుని రంగులు, సీలు నెత్తురు పూశాడు. బోర్లాపడకుండా అడుగున టన్నుకు తక్కువ కాకుండా రాళ్ళు వేశారు. ఆ రాళ్ళే వారికి పడక.

షాకిల్టన్, కెప్టెన్ వోర్స్లీ, క్రీన్, మెక్‌నిష్, మెకార్తీ, విన్సెంట్ ఆరుగురూ 1916 ఏప్రిల్ 24న బయలుదేరారు. ముగ్గురు చొప్పున రెండు జట్లు. నాలుగు గంటలు ఒక జట్టు, నాలుగు గంటలు మరొక జట్టు. పని చేసే ముగ్గురిలో ఒకరు చుక్కాని పట్టాలి, ఒకరు తెరచాపలు చూడాలి, ఒకరు లోపలికి వచ్చిన నీళ్ళు తోడాలి. మిగిలిన ముగ్గురు తడిసిన చర్మపు సంచులలో దూరి పడుకోవాలి. ఆ సంచుల వెంట్రుకలు ఊడి నీళ్ళు తోడే పంపులో, తినే గంజిలో పడేవి.

వంటవాడు క్రీన్. పడవ ఊగిసలాటలో స్టవ్వు నిలవదు. ఇద్దరు ఎదురెదురుగా వంగి కూర్చుని కాళ్ళ మధ్య దానిని ఇరికించి పట్టుకోవాలి. గిన్నె ఒలికితే అందరికీ పస్తే. ఎవరైనా చలికి కొయ్యబారిపోతున్నట్టు కనిపిస్తే షాకిల్టన్ ఆ ఒక్కరికే కాక అందరికీ వేడి పాలు ఇమ్మనేవాడు, బలహీనుడు తాను బలహీనుడనని సిగ్గుపడకూడదని. తల్లిదండ్రులు నేర్వదగిన మర్యాద అది.

ఒక దశలో పడవ మీద పడిన నీరు పడినట్టే గడ్డకట్టి, ఆ బరువుకు పడవ కుంగసాగింది. వంతులవారీగా ఒక్కొక్కరు జారే కప్పు మీద పాకుతూ వెళ్ళి గొడ్డలితో మంచు కొట్టేవారు. చేయి జారితే అంతే. కొద్ది నిమిషాలకన్నా ఎవరూ నిలువలేరు. ఒకరు వెనుకకు పాకగానే మరొకరు వెళ్ళారు. అర్ధరాత్రి షాకిల్టన్‌కు ఆకాశంలో మబ్బు విడి తెల్లగా కనబడుతున్నట్టు తోచింది. అది మబ్బు కాదు, అల నెత్తిన నురగ. అంత పెద్ద అలను తన ఇన్నేండ్ల సముద్ర జీవితంలో చూడలేదని ఆయన తరువాత రాసుకున్నాడు. సగం నిండిన పడవలోని నీళ్ళను చేతికి దొరికిన పాత్రలతో తోడిపోసి బ్రతికారు.

దారి తెలుసుకోవడానికి సూర్యుడు కనబడాలి. ఆ ప్రయాణమంతటిలో వోర్స్లీకి సూర్యుడు దొరికినది నాలుగే సార్లు. లెక్క కొంచెం తప్పినా దీవి తప్పిపోతుంది. ఆ తరువాత వేల మైళ్ళు నీళ్ళే. తప్పిపోతే చచ్చేది ఆరుగురు కాదు, వెనుక రాళ్ళ మీద ఎదురుచూస్తున్న 22 మంది కూడా.

ఇంతటిలోనూ క్రీన్ తన వంతు వచ్చినప్పుడు చుక్కాని పట్టి కూర్చుని పాడేవాడు. రాగం లేదు, తాళం లేదు, అది ఏ పాటో తోటివారికి చివరిదాకా అంతుబట్టలేదు. కానీ ఆ పాట వినబడుతున్నంతసేపు పడవ దారి తప్పలేదని లోపల పడుకున్నవారికి తెలిసేది. మే 8న దీవి కనబడింది. వెంటనే పెనుతుఫాను ముంచుకొచ్చింది. మే 10న ఒడ్డు చేరారు. చేరినది దీవికి అవతలి పక్క, మనుషులు లేనివైపు.

నాలుగవవాడు

పడవ ఇక సముద్రానికి పనికిరాదు. అంతవరకు ఎవరూ దాటని కొండలు, మంచునదులు దాటాలి. మే 19 తెల్లవారుజామున షాకిల్టన్, వోర్స్లీ, క్రీన్ బయలుదేరారు. బూట్లకు పడవ మరమేకులు బిగించుకున్నారు, ఒక తాడు, వడ్రంగి బాడిస తీసుకున్నారు. నిద్ర లేకుండా 36 గంటలు నడిచి మరునాడు సాయంత్రం స్ట్రామ్‌నెస్ స్థావరం చేరారు.

ఆ నడకలో తాము ముగ్గురు కాక నలుగురు ఉన్నట్టు తనకు మాటిమాటికీ తోచిందని షాకిల్టన్ తరువాత రాశాడు. తక్కిన ఇద్దరూ తమకూ అలాగే తోచిందని ఒప్పుకున్నారు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుకున్నవాడిగా నేను దీనిని తొందరపడి అద్భుతమని చాటను. అలసిన మెదడు లేనివారిని చూపగలదు. ఐతే ఎమ్మావు బాటలో నడిచిన ఇద్దరు శిష్యులకు పక్కన నడిచినది ఎవరో ఆ సమయంలో తెలియలేదు గదా. తెలియనంత మాత్రాన ఆయన నడవలేదని అనగలమా? ఆ ముగ్గురూ దాని మీద వాదించలేదు. కృతజ్ఞతతో ఊరుకున్నారు. మనమూ అంతటితో ఊరుకోవచ్చు.

మిగిలిన 22 మంది

ఎలిఫెంట్ దీవిలో ఉన్నవారు రెండు పడవలను బోర్లించి వాటి క్రింద నాలుగున్నర నెలలు గడిపారు. చలికి కుళ్ళిన ఒక కుర్రవాడి కాలివేళ్ళను వైద్యులు అక్కడే తీసివేశారు. వారి పెద్ద ఫ్రాంక్ వైల్డ్ ప్రతి ఉదయం సామాను కట్టి సిద్ధం చేసుకోమనేవాడు, నాయకుడు ఈరోజే రావచ్చునని. వంద రోజులు దాటినా ఆ మాట మానలేదు. ఎదురుచూడడం కూడా ఒక వంతే. మన తల్లులకు ఇది వివరించనక్కరలేదు.

షాకిల్టన్, వోర్స్లీ, క్రీన్ మూడుసార్లు మూడు ఓడలలో వెళ్ళి మంచు అడ్డుపడి వెనుదిరిగారు. నాలుగవసారి చిలీ దేశం ఇచ్చిన యెల్చో అనే చిన్న ఓడ, లూయిస్ పార్డో నడపగా, 1916 ఆగస్టు 30న ఆ దీవి చేరింది. 22 మందీ సజీవంగా ఉన్నారు.

కథను ఇక్కడే ఆపితే అబద్ధమవుతుంది. ఖండానికి అవతలి తీరాన ఇదే యాత్ర కోసం సరుకులు నిలువచేయడానికి వెళ్ళిన మరొక జట్టులో ముగ్గురు చనిపోయారు. తన పాటకు తాను నవ్వుతూ పనిచేసిన మెకార్తీ కూడా ఐరిష్‌వాడే, ఇంటికి వచ్చిన కొద్ది నెలలకే 1917లో యుద్ధంలో సముద్రం పాలయ్యాడు. పడవను నిలబెట్టిన వడ్రంగి మెక్‌నిష్‌కు, విన్సెంట్‌కు ధ్రువ యాత్రికుల పతకం ఇవ్వలేదు. మంచు మీద ఉన్నప్పుడు ఒకసారి నాయకునికి ఎదురుతిరిగాడని మెక్‌నిష్ మీద కోపం. ఆయన చేతిపని 28 మంది ప్రాణాలు కాపాడినా ఆ కోపం పోలేదు. గొప్పవారిలోనూ క్షమ ఒక్కొక్కసారి తక్కువ పడుతుంది.

ఇంటికి వచ్చిన తరువాత

క్రీన్ 1917లో తన ఊరి అమ్మాయి ఎలెన్‌ను గుడిలో వివాహమాడాడు. 1920లో నౌకాదళం విడిచాడు. షాకిల్టన్ మళ్ళీ పిలిచినా వెళ్ళలేదు. అన్నస్కాల్‌లో సౌత్ పోల్ ఇన్ అనే పేరుతో, ఊరివారు సాయంత్రం కూడి బీరు తాగుతూ కబుర్లాడుకునే ఒక దుకాణం పెట్టుకున్నాడు. ముగ్గురు ఆడపిల్లలలో ఒకరు నాలుగేండ్లకే చనిపోయింది. పోలీసు ఉద్యోగంలో ఉన్న అన్నదమ్ముడు 1920లో దేశంలోని పోరాటాలలో కాల్పులకు బలి అయ్యాడు. బ్రిటీషు నౌకాదళంలో పనిచేశానని చెప్పుకోవడం క్షేమం కాని కాలమది. పతకాలను పెట్టెలో పెట్టి మూశాడు. సముద్రం సంగతులు కన్నబిడ్డలకు కూడా చెప్పలేదు. 1938లో కడుపులో అపెండిక్స్ పగిలింది. దగ్గరి పట్టణంలో శస్త్రచికిత్స చేయగలవారు లేక కోర్కుకు తీసుకువెళ్ళారు. ఆలస్యమైంది. జూలై 27న కన్నుమూశాడు. తన చేతులతో కట్టుకున్న సమాధిలోనే ఆయనను ఉంచారు. ఆ ఊరిలో ఆయన విగ్రహం 2003లోగాని లేవలేదు.

ఇప్పుడు ఆ మాటకు వద్దాం. మన పల్లెల్లో వంతు అనే మాట రోజూ వినబడుతుంది. కాలువ నీళ్ళకు వంతు, రాత్రి కరెంటు మోటారు దగ్గరకు వెళ్ళడానికి వంతు. చివరకు కన్న తల్లిదండ్రులకు కూడా వంతు. ఒకటో తారీఖున పెద్దకొడుకు ఇంటి నుండి చిన్నకొడుకు ఇంటికి బట్టల మూట చంకన పెట్టుకుని నడిచిపోయే ముసలి తల్లులను నేను మా విచారణలో చూశాను. నెలకు 31 రోజులు వచ్చిందని ఆ ఒక్కరోజు అన్నం దగ్గర మాటామాటా అనుకున్న ఇండ్లు కూడా చూశాను. అక్కడ వంతు అంటే నా మీద పడిన బరువు, ఎప్పుడు దించుకుందామా అని.

ఆ పడవలోనూ వంతులు ఉన్నాయి. గడియారం చూసి మారేవారు. కానీ ఎవరి వంతు బరువైతే మరొకరు దానిని లెక్క అడగకుండా ఎత్తుకున్నారు. పడిపోయిన అధికారిని క్రీన్ లాగాడు, పట్టలేనివాని చుక్కాని పట్టాడు, అందరికీ పాలు కాచాడు, తరువాత ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పడవ ఒడ్డు చేరినది అందుకే.

మన ఇల్లు కూడా అటువంటి పడవే. అప్పు, జబ్బు, కరువు అనే అలలు ఏ ఇంటికీ తప్పవు. ఈ నెల ఒకటో తారీఖు వచ్చేలోగా, మీ ఇంటి వాకిట్లోకి బట్టల మూటతో వచ్చే అమ్మ ఉంటే, ఆమె బయలుదేరక ముందే మీరే వెళ్ళి ఆ మూట అందుకోండి. ఇరవై రోజులో, ముప్పై రోజులో అని లెక్కవేయకండి. ప్రభువు కృప మీ కుటుంబాలకు తోడై ఉండునుగాక.